వంకను రస్తా అనమన్నారు

మా కాలనీకి దోవ మూసేసిన ఆ ఎండాకాలం గురించి ఎవరినైనా అడిగి చూడండి, ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతారు. మా కాలనీ పెద్ద లింగన్న మామ చెప్పేది వింటే అంతా ఆయనే నడిపినట్టు ఉంటుంది. పక్కింటి ఎస్తేరు చెప్పేది వింటే అంతా దేవుడే నడిపినట్టు ఉంటుంది. వాళ్ళ కథలు వాళ్ళవి. మా ఇంట్లో ఏం జరిగిందో అది నేను చెబుతాను.

మాది కళ్యాణదుర్గం ఊరి చివర. చివర అనేది నేను కోడలిగా వచ్చిన నాటి మాట. అప్పుడు కాలనీ దాటితే కనుచూపు మేర వేరుశనగ చేలే. ఇప్పుడు ఊరి చివర ఎక్కడుందంటే ఎవరూ చెప్పలేరు. వానల్లేక, బోర్లు ఎండిపోయి విసిగిపోయిన రైతులు ఒకరి వెనక ఒకరు చేలు అమ్ముకున్నారు. కొన్నవాళ్ళు రాళ్ళు పాతి, సున్నం పూసి ప్లాట్లన్నారు. రెండు లారీలు ఎదురెదురుగా పోయేంత రోడ్లు వేశారు. కానీ ఏ రోడ్డు పట్టుకుని పోయినా చివరికి తగిలేది గోడే. ఈ వెంచర్ రోడ్డు పక్క వెంచర్‌లోకి పోదు, ఆ వెంచర్ రోడ్డు మా కాలనీలోకి రాదు. ఎవరికి వాళ్ళు ప్రహరీ కట్టుకుని, గేటు పెట్టుకుని, గేటు మీద ఏదో సిటీ అని బంగారు రంగు అక్షరాలు అతికించుకున్నారు. ఇన్ని రోడ్లు పడ్డాక మనిషి నడవడానికి దోవ లేకుండా పోవడం మా దగ్గరే చూశాను.

మా కాలనీ నుంచి అనంతపురం రోడ్డుకు నేరుగా ఒక బండిబాట ఉండేది. మట్టిబాటే, కానీ అదే మాకు అన్నీ. రామదాసు అనే ఆయన ఆ బాటకు రెండు పక్కలా ఉన్న చేలు కొని వెంచర్ వేశాడు. చేలతోపాటు మధ్యలో బాట కూడా తనకే వచ్చిందనుకున్నాడో ఏమో, ఉగాది పోయిన వారానికి మా వీధి మొదట్లో అడ్డంగా గోడ లేచింది. తమాషా ఏమంటే, ఆ గోడ కట్టింది మావాళ్ళే. సగం కాలనీ మగవాళ్ళు రామదాసు దగ్గర బేల్దారి పని చేస్తారు, ఆడవాళ్ళు కంకర మోస్తారు. పొద్దున ఆ గోడకు ఇటుకలు పేర్చిన వాళ్ళే సాయంత్రం ఇంటికి దోవ వెతుక్కున్నారు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు.

మా ఆయన ఆంజి షేర్ ఆటో నడుపుతాడు. ఆ రోజు మధ్యాహ్నం ఆటోను రోడ్డు మీద టీ బంకు దగ్గర పెట్టి, వంకలో నడిచి, చెప్పుల నిండా ఇసుకతో ఇంటికి వచ్చాడు. వంక అంటే వాగు, మా కాలనీని ఆనుకునే ఉంటుంది. పేరుకే వంక, అందులో ఉండేది ఇసుకే. పిల్లలు క్రికెట్ ఆడతారు, మేకలు పడుకుంటాయి. వెంచర్ గోడను చుట్టి కల్వర్టు దగ్గర రోడ్డు మీదికి తేలాలంటే ఇక ఆ వంకలో నడవడం తప్ప మాకు గతి లేదు.

"లింగన్న మామను పిల్చుకోని పోయి ఆ రామదాసును అడగరాదా?" అన్నాను, అన్నం పెడుతూ.

"ఏమని అడిగేది? మామ కొడుకే ఆ గోడకు బేల్దారి. అడిగితే రేప్పొద్దున వానికి పని ఉంటాదా?"

"పని ఉంటే సరిపోయిందా? ఇంటికెట్ల వచ్చేది?"

"నన్నడిగితే నేనేం చెప్పేది సారా? గోడ నేను కట్టినానా?"

ఒకసారి తెగించి ఆటోను వంకలోకి దింపాడు. చక్రాలు సగం దాకా ఇసుకలో దిగబడ్డాయి. మేమంతా తోసి, కింద గోనె సంచులు పరిచి, బయటికి లాగేసరికి పొద్దు వాలింది. ఆ తర్వాత మళ్ళీ దింపలేదు. రోడ్డు మీద వదిలేస్తే బ్యాటరీ ఎవరు ఎత్తుకుపోతారో అని భయం. అందుకని రాత్రిళ్ళు ఆటోలోనే పడుకోవడం మొదలుపెట్టాడు. ఇల్లుండి, పెళ్ళాముండి, తల్లి ఉండి, మనిషి రోడ్డు పక్కన కాళ్ళు ముడుచుకుని పడుకునేవాడు. మా ఇంటికి ఆ ఎండాకాలం అంతా అదే బాధ. దోవ వస్తే ఆయన ఇంటికి వస్తాడు, లేకపోతే లేదు.

ఒక ఆదివారం నేను చర్చి నుంచి వచ్చేసరికి చౌడమ్మ రాయి దగ్గర జనం గుమికూడి ఉన్నారు. చౌడమ్మ రాయి మా వీధి ఆ గోడకు తగిలే చోట, గానుగ చెట్టు కింద ఉంటుంది. పక్కనే వంక గట్టు. రామదాసు తెల్లచొక్కా వేసుకుని, అందరికీ చల్లటి మజ్జిగ ప్యాకెట్లు పంచిపెడుతున్నాడు.

"చూడండప్పా, నేనేం రాక్షసున్ని కాదు. మీకు దోవ కావల్ల, అంతే గదా? ఈ వంకలో ఈడ నుంచి కల్వర్టు దాకా సిమెంటు రోడ్డు నేనే ఏపిస్తా. ఆటో ఏంది, లారీ పోతాది. అయితే ఒకటి. ఆఫీసు కాగితాల్లో ఇది వంక అని ఉండాది. వంకలో రోడ్డు ఏస్తే రేపు నన్ను పట్టుకుంటారు. ఇది వంక కాదు, దీంట్లో నీళ్ళు ఎప్పుడూ పార్లేదు, ఇది జనం నడిచే రస్తా అని మీ పెద్దోళ్ళు ఆరై సారు ముందర చెప్తే చాలు."

ఆరై అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు. రామదాసు చెప్పని మాట ఒకటుంది. ఆ వంక పైకి పోయి ఆయన వెంచర్‌లోనే దూరుతుంది. అక్కడ దాన్ని చదును చేసి, ప్లాట్లు వేసి, పార్కు అని బోర్డు కూడా పెట్టాడు. వంక వంకగా ఉన్నంత కాలం ఆ ప్లాట్లకు పర్మిషన్ రాదు. ఈ సంగతి అక్కడ ఉన్న అందరికీ తెలుసు. మజ్జిగ చల్లగా ఉంది, ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

"చెప్పేదానికేముంది? ఎవరైనా చెప్తాం," అన్నాడు లింగన్న మామ.

"నువ్వు చెప్తే చెల్లదు లింగన్నా. కాలనీ రాకముందు నుంచి ఈడ ఉన్నోళ్ళు చెప్పల్ల."

మా పక్క ఇది పాత పద్ధతి. దోవ తగవైనా, గట్టు తగవైనా అమ్మవారి రాయి మీద కర్పూరం వెలిగించి, పాతకాలపు మనిషిని నిలబెట్టి అడుగుతారు. ఆ మనిషి మాట చెప్పి మంటను అరచేత్తో ఆర్పితే ఇక ఆ మాట మీద ఎవరూ మాట్లాడరు. అబద్ధం చెప్పి ఆర్పితే వంశం ఆరిపోతుందని భయం. వచ్చిన అధికారి కూడా అదే రాసుకుని పోతాడు.

మా కాలనీ గవర్నమెంటు పట్టాలిచ్చాక వచ్చింది. అంతకు ముందు వంక గట్టు మీద నాలుగైదు గుడిసెలే ఉండేవి. ఆ గుడిసెల మనుషుల్లో ఇప్పుడు బతికి ఉన్నది ఒక్కరే, మా అత్త నల్లమ్మ. అందరూ తలలు తిప్పి నా వైపు చూశారు.

"మీ అత్తకు నువ్వు చెప్పు సారా. నీ మాట ఇంటాది," అంది ఎస్తేరు.

మా అత్త నా మాట వినడం! ఆమె చౌడమ్మ మాటే సగం వినదు. ఆమెది ఒక వింత మొండితనం. అందరూ వంకలో నడుస్తుంటే ఆమె మాత్రం కాలు దింపేది కాదు. గట్టు మీద కంపచెట్లలో పడి, ముళ్ళు గుచ్చుకుంటే తీసిపారేసి, పైట చిక్కుకుంటే చింపుకుని, అట్లాగే కల్వర్టు దాకా పోయేది. ముసలితనం వచ్చాక మనిషికి చాదస్తం వస్తుందని నేను పట్టించుకోలేదు.

ఆ సాయంత్రం ఆంజి వచ్చి తల్లి ముందర కింద కూర్చున్నాడు. ఆమె చాటలో విత్తనపు కాయలు పోసుకుని ఒలుస్తోంది. ఏరువాక ముందు రైతులు కూలికి ఒలవమని మా ఇళ్ళకు మూటలు పంపుతారు.

"అమ్మా, ఒక్క మాట సాయం చెయ్. ఎల్లుండి ఆరై సారొస్తాడు. నీకు బుద్ధి తెలిసినప్పట్నుంచి వంకలో నీళ్ళు పార్లేదని చెప్పు. అంతే."

"కర్పూరం ముట్టించి అడుగుతారా?"

"ముట్టిస్తారు. మామూలే గదా."

అత్త ఒలవడం ఆపింది. సరే అనలేదు, కాదనలేదు. కొడుకు మొహంలోకి చూసి, "అన్నం తిన్యావా?" అని అడిగింది.

"రోడ్డొస్తే దినామూ ఇంట్లోనే తింటాలేమ్మా," అన్నాడు ఆంజి. నవ్వుతూనే అన్నాడు. నేను అది ఒప్పుకున్నట్టే అనుకున్నాను. ఆయనా అట్లాగే అనుకున్నాడు.

చెప్పిన రోజు పొద్దున్నే కాలనీ అంతా గానుగ చెట్టు కింద చేరింది. ఆరై సారుకు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. పాపం, మంచి మనిషే, చెమటకు కాగితాలు తడుస్తాయని మాటిమాటికీ చెయ్యి తుడుచుకుంటున్నాడు. రామదాసు తన కారు దగ్గర నిలబడ్డాడు. లింగన్న మామ రాయి మీద కుంకుమ పెట్టి, కర్పూరం బిళ్ళ వెలిగించాడు. మా అత్త తలంటు పోసుకుని, ఉతికిన కోక కట్టుకుని వచ్చి రాయి ముందర నిలబడింది. ఆంజి ఆమె వెనకే ఉన్నాడు.

"అవ్వా, ఈ వంకలో నీళ్ళు పారింది నువ్వెప్పుడైనా చూసినావా?" అని అడిగాడు ఆరై.

అత్త మంటను చూస్తూ నిలబడింది. కర్పూరం కరిగిపోతోంది.

"చెప్పమ్మా," అన్నాడు ఆంజి మెల్లగా.

"చూసినా," అంది అత్త.

ఆరై తల ఎత్తాడు.

"ఒకసారి చూసినా సార్. నా బిడ్డ దాంట్లోనే పోయింది. సుంకులమ్మ." ఆ మాట అని, వంగి, అరచెయ్యి మంట మీద పెట్టి అదిమింది. చెయ్యి పైటకు తుడుచుకుని, ఎవరి మొహమూ చూడకుండా ఇంటికి నడిచింది.

నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చి పదేళ్ళు దాటింది. సుంకులమ్మ అనే పేరు అప్పుడే విన్నాను. ఆంజి వైపు చూశాను. ఆయన మొహం చూస్తే ఆయనకూ అప్పుడే తెలిసిందని అర్థమైంది.

"ముసల్దానికి మతి ఉండాదా పోయిందా?" అని లింగన్న మామ అరిచాడు. రామదాసు కారెక్కి పోయాడు. ఆరై వంక అని రాసుకుని, మళ్ళీ ఒకసారి వస్తానని చెప్పి లేచాడు.

ఆ తర్వాత రోజులు ఎట్లా గడిచాయో ఆ చౌడమ్మకు తెలుసు, నా ప్రభువుకు తెలుసు. కుళాయి దగ్గర నా బిందె పెడితే పక్క బిందెలు జరిగిపోయేవి. కాలనీ వాళ్ళంతా ఆంజి ఆటో ఎక్కడం మానేశారు. ఎండలో నిలబడి ఇంకో ఆటో కోసం చూసేవాళ్ళు గాని ఆయన ఆటో వైపు తల తిప్పేవాళ్ళు కాదు. ఒక రోజు ఎస్తేరు నా మొహం మీదే అనేసింది.

"మీ అత్తకు సచ్చిపోయిన బిడ్డ ముఖ్యం సారా. బతికుండే మా బిడ్డలు ముఖ్యం కాదు."

నాకూ కోపంగానే ఉంది, ఎందుకుండదు? ఒక్క మాటతో మా ఆయన ఇంటికి వచ్చేవాడు. ఆంజి తల్లితో మాట్లాడడం మానేశాడు, అన్నానికి రావడం కూడా మానేశాడు. నేనే క్యారియర్ తీసుకుని, ఆ ఇసుకలో కాళ్ళు కాల్చుకుంటూ రోడ్డు దాకా పోయి ఇచ్చి వచ్చేదాన్ని.

ఒక మధ్యాహ్నం తిరిగి వచ్చి, క్యారియర్ దబ్బుమని పెట్టి, అత్త ముందర కూర్చున్నాను. ఆమె కాయలు ఒలుస్తోంది.

"అత్తా, నాకొకటి చెప్పు. ఇన్నేండ్లు మాకెవరికీ చెప్పని మాట ఆ పొద్దే, అందరి ముందర్నే చెప్పల్లనా?"

అత్త చేతిలో కాయ చిట్లింది. గింజలు చాటలో వేసింది.

"బిడ్డ పోయిన పొద్దు వాన కూడా ల్యా సారా," అంది. "ఈడ చుక్క పడలా. మంచి ఎండ. పైన యాడో కొండల్లో పడిందంట. నేను వంకలో చెలమ తోడి నీళ్ళు ముంచుకుంటాండా. అది పక్కన ఇసుకలో కూచోని ఆడుకుంటాండాది. కడవ నిండింది. గట్టు మీద పెట్టొచ్చి బిడ్డను ఎత్తుకుందామని ఎక్కినా. కడవ దించి వెనక్కి తిరిగితే వంకంతా ఎర్రనీళ్ళు. కేక కూడా ఇనపడలా."

కడవను ముందు ఎత్తుకోవడం మా దగ్గర ఏ ఆడదైనా చేసే పనే. నీళ్ళు దొరకని చోట కడవే ముందు గట్టెక్కుతుంది. నేనైనా అదే చేసి ఉండేదాన్ని.

"మీ మామ ఆ పేరు ఇంట్లో ఎత్తొద్దన్యాడు. ఎత్తల్యా. తర్వాత ఆంజి పుట్న్యాడు, వానికి చెప్తే భయపడ్తాడని చెప్పల్యా. ఆ పొద్దు మంట ముందర నిలబడితే... పార్లేదని ఎట్ల చెప్పేది? పార్లేదంటే అది యాడికి పోయినట్టు?"

నేను ఆమె ఒడిలో తల పెట్టి ఏడ్చాను. ఆమె మాత్రం ఏడవలేదు. నా వీపు నిమురుతూ ఇంకో చేత్తో చాటలో గింజలు ఏరుతూనే ఉంది.

మరునాడు క్యారియర్ ఇస్తూ ఆ మాటంతా ఆంజికి చెప్పాను. ఆయన వింటూ అన్నం కలిపాడు, కానీ ముద్ద నోట్లో పెట్టుకోలేదు.

"మీ అక్క అయ్యా," అన్నాను.

"నాకే అక్కా లేదు," అన్నాడు. "నాకు ఆటో ఉండాది. దోవ లేదు. పో నువ్వు."

నేను వచ్చేశాను. మళ్ళీ ఆ గొడవ ఎత్తలేదు.

తల్లీకొడుకులకు మాటల్లేవన్న సంగతి రామదాసు చెవికి ఎట్లా చేరిందో తెలియదు గాని, టీ బంకు దగ్గరికి ఆయనే వచ్చాడట. ఆరై రెండోసారి వచ్చే ముందు రోజు సాయంత్రం ఆంజి ఇంటికి వచ్చాడు. చాలా రోజుల తర్వాత రావడం. లోపలికి రాకుండా గడప దగ్గర నిలబడ్డాడు.

"గోడలో మన ఇంటికి ఎదురుగా చిన్న గేటు పెట్టిస్తాడంట, ఆటో పట్టేంత. తాళం మనకే ఇస్తాడంట. గేటు పెట్టేదాకా ఆటో వెంచర్ లోపల పెట్టుకోమన్యాడు. వాచ్‌మన్‌కు ఇయ్యాలే చెప్పేసినాడు."

"ఊరికేనా?"

ఆంజి నేల చూశాడు. "రేపు ఆరై సారు అడిగితే అమ్మకు మతి సరిగా లేదని చెప్పల్ల. కన్నకొడుకు చెప్తే చాలంట, ఆ పొద్దు చెప్పిన మాట కొట్టేస్తారంట."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అది నీ నోటితో చెప్తావా?"

"చెప్పకపోతే ఏం జేసేది సారా? రోడ్డు మీద కుక్క మాదిరి పండుకుంటాండా. మనోళ్ళే నా ఆటో ఎక్కరు. ఎన్ని దినాలు ఇట్ల?"

"అయితే చెప్పు. చెప్పి ఆ తాళం తెచ్చుకో. ఆ గేట్లో నువ్వొక్కనివే రా. నేనూ మీ అమ్మా పోయి ఆ వంకలో కూచుంటాం. నీళ్ళొచ్చినప్పుడు వస్తాయిలే!"

లోపల అత్త పొయ్యి ముందర ఉంది. తలుపు తెరిచే ఉంది కాబట్టి అంతా విన్నది. అక్కడి నుంచే, కోపం లేకుండా, కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అంది:

"చెప్పనీలే సారా. మతి లేదంటే నాకేం తక్కువైతాది? వాడు ఇంటికి రావల్ల గదా."

ఆంజి గడప దగ్గర నుంచి అట్లాగే వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టలేదు.

తెల్లారి మళ్ళీ అదే గానుగ చెట్టు, అదే ప్లాస్టిక్ కుర్చీ. ఈసారి కర్పూరం లేదు. జనం మాత్రం మొదటిసారి కంటే ఎక్కువ వచ్చారు. అత్త చౌడమ్మ రాయికి ఆనుకుని కింద కూర్చుంది. రామదాసు ఈసారి కారు దగ్గర కాదు, ఆరై కుర్చీ పక్కనే నిలబడ్డాడు. ఆంజి వచ్చాడు. తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. చెప్పేస్తాడు, అనుకున్నాను. ప్రభువా, ఆమె చెవిన పడకుండా చూడు అని మొక్కుకున్నాను. ఆమె అంత దగ్గర కూర్చుంటే ఎట్లా పడదు?

"పేరు?" అన్నాడు ఆరై.

"ఆంజి సార్."

"నల్లమ్మ నీకేమైతాది?"

"అమ్మ సార్."

"మీ అమ్మకు ఎంతమంది పిల్లలు?"

అడిగే పద్ధతిలో అడిగాడు, అంతే. పేరు తర్వాత వయసు అడిగినట్టు. రామదాసు గొంతు సవరించుకున్నాడు. నేను నా పైట కొంగు వేలికి చుట్టుకుని, రక్తం ఆగేదాకా బిగించాను.

"ఇద్దరం సార్," అన్నాడు ఆంజి.

"ఇంకొకరు ఎవరు?"

"మా అక్క సార్. సుంకులమ్మ. వంకలో పోయింది."

"ఏమప్పా ఆంజీ..." అని రామదాసు ఏదో అనబోయాడు. ఆరై చెయ్యి ఎత్తి ఆపాడు.

"మీ అమ్మ ఆరోగ్యం గురించి నువ్వేదో చెప్తావని అన్నారే?"

"చెప్పల్సింది చెప్పినా సార్," అని ఆంజి పక్కకు జరిగాడు.

అత్త వైపు చూశాను. ఆమె రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఇన్నేళ్ళ తర్వాత ఆమె ఏడవడం చూశాను.

ఆరై రాసుకున్నాడు. రాసుకుని, పెన్నుతో చెవి గీరుకుంటూ చుట్టూ చూశాడు. "సరేనప్పా. వంక వంకే. ఇంక మార్చేది లేదు. మరి మీ కాలనీకి దోవ యాడ ఉండేది?"

అప్పుడు చూడాలి మావాళ్ళ మొహాలు. ఆ ప్రశ్న అంతదాకా ఎవరూ అడగలేదు. వంకను రస్తా అనడానికి ముందుకు దూకిన వాళ్ళంతా ఇప్పుడు నేలలో ఏదో పారేసుకున్నట్టు తలలు వంచేశారు. గోడ అక్కడే, చెయ్యి చాస్తే తగిలేంత దగ్గర. రామదాసు అక్కడే. నేను నోరు తెరిచాను. ఎస్తేరు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె మొగుడు కూడా రామదాసు దగ్గరే పని.

"ఆడోళ్ళను కాదు, ఇంటి పెద్దల్ని అడుగుతాండా," అని ఆరై ఒక్కొక్కరినే పిలిచాడు.

"నాకు తెల్దు సార్. నేను పనికి పోయి పొద్దు మునిగినాక వస్తా," అన్నాడొకడు.

"నేను ఈడికి కొత్తగా వచ్చినా సార్," అన్నాడు ఇంకొకడు. వాడు పుట్టింది మా వీధిలోనే.

లింగన్న మామ కొడుకు, ఆ గోడ కట్టిన బేల్దారి, నీళ్ళు కావాలన్నాడు. నీళ్ళు తాగి కూడా ఏమీ చెప్పలేదు. ఇట్లా ఎంతసేపు సాగిందో. మధ్యలో నేను వెనక్కి తిరిగి చూస్తే ఆంజి కనిపించలేదు.

"జారుకున్యాడు చూడు," అన్నాడు లింగన్న మామ పళ్ళ సందుల్లోంచి. "ముంచాల్సిన కొంప ముంచి పోయినాడు."

రామదాసు మొహం తేటపడింది. "దోవ అని ప్రత్యేకంగా ఏం లేదు సార్. అంతా చేన్లే. ఎవరికి కావల్సినట్టు వాళ్ళు నడుస్తాండ్రి. అట్లే రాసుకోండి."

ఆరై నిట్టూర్చి కాగితం తిప్పాడు. దోవ లేదు అని ఆ కాగితం మీద పడితే ఇక మాకు జన్మలో దోవ లేదు. ఎస్తేరు చెయ్యి విదిలించుకుని నేను ముందుకు అడుగు వేశాను.

అప్పుడు గోడ అవతల హారన్ మోగింది.

సరిగ్గా మా వీధికి ఎదురుగా, పాత బాట ఉన్న చోట, గోడకు ఆనుకుని మోగింది. ఒకసారి మోగి ఆగలేదు. మళ్ళీ మోగింది, మళ్ళీ మోగింది. దారిలో అడ్డంగా పడుకున్న బర్రెను లెమ్మన్నట్టు, వదలకుండా మోగుతూనే ఉంది. ఆ హారన్ మా కాలనీలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. వాచ్‌మన్ ఆపి ఉండడు. ఆ ఆటోను లోపలికి వదలమని రామదాసే చెప్పాడు కదా.

రామదాసు మొహంలో రంగు మారింది. లింగన్న మామ తల ఎత్తి గోడ వైపు చూశాడు. ఆయన కొడుకు చూశాడు. కొత్తగా వచ్చానన్న వాడు చూశాడు. ఒకరి తర్వాత ఒకరు, కాలనీ కాలనీ అంతా అటే తిరిగింది. నోరు విప్పి ఒక్కరూ ఒక్క మాట అనలేదు గాని, అందరి కళ్ళూ ఆ గోడ మీద ఒక్కచోటే నిలిచాయి.

ఆరై కుర్చీలోంచి లేచాడు. "ఎవరప్పా అది? గోడ అవతల ఎవరు?"

మా అత్త రాయి పట్టుకుని పైకి లేచింది. కళ్ళు తుడుచుకుని, పైట సర్దుకుంది.

"నా కొడుకు సార్," అంది. "ఇంటికొస్తాండాడు."